మడమల మీద బరువు

2024 మార్చి నుంచి ఆగస్టు ఆఖరు దాకా నేను ఒకే తప్పు కొన్ని వేల సార్లు చేశాను. వారానికి నాలుగు రోజులు, పొద్దున్నే ఐదున్నరకి, విజయవాడ బస్టాండు పక్కనున్న పద్మావతి ఘాట్ గచ్చు మీద. బద్ధకించి ఇంట్లో ఉండిపోయిన రోజు లేదు. కాలి ముందెముక మీద చర్మం లేచిపోతే సాక్స్ లోపల దూది పెట్టుకుని వెళ్లాను. ఆ ఆరు నెలల్లో త్రీ సిక్స్టీ ఫ్లిప్ అనే స్కేట్‌బోర్డు ట్రిక్ నాకు ఒక్కసారి కూడా పడలేదు.

పట్టుదల ఉంటే ఏదైనా వస్తుందని మనం పిల్లలకి చెబుతుంటాం. నేనూ నమ్మి పెరిగాను. అది సగమే నిజమని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. మిగతా సగం చెప్పకపోవడం వల్ల మా ఊళ్లో ఏటా ఎంతోమంది పిల్లలు దెబ్బ తింటున్నారు. ఇది రాయడానికి కారణం అదే. అయితే అక్కడికి నేను చేరుకున్న దారి స్కేట్‌బోర్డు కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

స్కేట్‌బోర్డుకీ కాళ్లకీ మధ్య కట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఏడు పొరల మేపుల్ చెక్క, కింద ట్రక్కులు అనే రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, పైన ఉప్పుకాగితంలా గరుగ్గా ఉండే గ్రిప్ టేప్. గాల్లోకి లేవాలంటే వెనక కాలితో బోర్డు వెనక కొస, అంటే టెయిల్‌ని నేలకి కొట్టి, బోర్డు పైకి లేస్తుండగా ముందు పాదాన్ని దాని మీదుగా రాసుకుంటూ పైకి తేవాలి. దీన్ని ఆలీ అంటారు. 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు గుంటలాంటి సిమెంటు బౌల్స్‌లో చేత్తో పట్టుకోకుండా బోర్డును గాల్లోకి లేపాడు. ఆలీ అన్నది అతని ముద్దుపేరు. చదునైన నేల మీద దాన్ని సాధించినవాడు రాడ్నీ ములెన్, అతనిదీ ఫ్లోరిడానే. 1980ల మొదట్లో చదునేల ఆలీ, దాని వెనకాలే కిక్‌ఫ్లిప్, హీల్‌ఫ్లిప్, త్రీ సిక్స్టీ ఫ్లిప్ అన్నీ అతని కాళ్ల కిందే పుట్టాయి.

కిక్‌ఫ్లిప్‌లో బోర్డు గాల్లో పొడవునా ఒక్కసారి దొర్లి మళ్లీ చక్రాల మీదికి వస్తుంది. త్రీ సిక్స్టీ ఫ్లిప్‌లో అలా దొర్లుతూనే చుట్టూ ఒక పూర్తి తిరుగుడు కూడా తిరగాలి. రోకలి దొర్లినట్టు దొర్లాలి, తిరగలి తిరిగినట్టు తిరగాలి, రెండూ ఒకేసారి. మా కుర్రాళ్లు దీన్ని ట్రే ఫ్లిప్ అంటారు.

చూసేవాళ్లకి ముందు కాలితో తంతే బోర్డు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అసలు పని వెనక కాలిది. పాదం వేళ్ల మొదళ్లని టెయిల్ మూల అంచున పెట్టి, నేలకి కొట్టే క్షణంలోనే వీపు వైపుకి గీకినట్టు లాగాలి. దీన్ని స్కూప్ అంటారు. గిన్నె అడుగున పట్టిన అన్నాన్ని గరిటెతో గీకి తీసే ఊపు ఉంటుంది చూడండి, అలాంటిది. ఆ ఊపు సరిగ్గా పడితే తిరగడం, దొర్లడం రెండూ దానంతటవే మొదలవుతాయి. ముందు పాదం అంచుకి చిన్న తోపు ఇచ్చి తప్పుకోవాలి, మళ్లీ బోర్డు కిందికి దిగేలోపు దాన్ని పైనుంచి పట్టుకోవాలి. మొత్తం కలిపి అర సెకను అటూ ఇటూ.

మా అక్క కొడుకు ఆడి వదిలేసిన బోర్డుతో లాక్‌డౌన్ తర్వాత నేను మొదలుపెట్టాను. ఘాట్‌లో మేం పది పన్నెండు మందిమి. అందరిలో పెద్దవాణ్ణి నేనే, మిగతావాళ్లు ఇంటర్, డిగ్రీ కుర్రాళ్లు. 2016 కృష్ణా పుష్కరాలకి ఘాట్లన్నీ వెడల్పు చేసి గచ్చు వేశారు. పన్నెండు రోజుల పుణ్యస్నానాల కోసం వేసిన ఆ గచ్చు మిగతా రోజుల్లో వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లకీ మాకూ పనికొస్తోంది. దసరాలో మేం ఆ దరిదాపులకి వెళ్లం. కార్తీకంలో తెల్లవారుజామున దీపాలు వదిలేవాళ్లు ఉంటారు కాబట్టి అప్పుడూ వెళ్లం. ఎండాకాలంలో ఏడున్నర దాటితే గచ్చు కాలిపోతుంది. మిగిలిన పొద్దులు మావి. కుడి చేతి వైపు కొండ మీద అమ్మవారి గుడి గోపురం, ఎదురుగా నది, ఎగువన ప్రకాశం బ్యారేజీ గేట్ల వరస. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

జనవరిలో ట్రే ఫ్లిప్ మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు బోర్డు ఎటు పడితే అటు పోయేది. ఒకసారి సగమే తిరిగేది, ఒకసారి దొర్లకుండా తిరిగేది, ఒకసారి నది మెట్ల దాకా దొర్లుకుంటూ పోయేది. అయినా ఆ రెండు నెలలూ సాధన పనిచేసింది. ఫిబ్రవరి చివరికి స్కూప్ దొరికింది. పదిసార్లు వేస్తే ఏడెనిమిది సార్లు బోర్డు పూర్తిగా తిరిగి, పూర్తిగా దొర్లి, చక్రాల మీద నేలకి దిగుతోంది. ఇక కాళ్లు పెట్టడమే మిగిలిందని అందరూ అన్నారు.

ఆ మిగిలిందే ఆరు నెలలు రాలేదు. బోర్డు చక్కగా తిరిగేది, కానీ నా ఛాతీకి ఎదురుగా అడుగు దూరంలో దిగేది. నేను ఇక్కడ, బోర్డు అక్కడ. రోజుకి అరవై, డెబ్బై సార్లు వేసేవాణ్ణి. ఇంకా ఎక్కువ వేయాలేమో అనుకుని జూన్‌లో వందకి పెంచాను. అలసిపోయాక పడ్డవే అసలు నేర్పిస్తాయని ఎక్కడో విని, అలసిపోయాక మరో ఇరవై వేసేవాణ్ణి.

ఇక్కడ ఆగి నా ఉద్యోగం గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు జవాబు అక్కడ పదేళ్లుగా కళ్లెదుటే ఉంది.

నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని, బయోకెమిస్ట్రీ చూస్తాను. పొద్దున పేషెంట్ల శాంపిళ్లు పెట్టేముందు ఎనలైజర్లో కంట్రోల్స్ రన్ చేస్తాం. కంట్రోల్ అంటే, ఉదాహరణకి, గ్లూకోజ్ ఎంత ఉందో ముందే తెలిసిన సీరం. మెషీన్ ఆ అంకె చుట్టుపక్కల చెబుతోందా లేదా అని చూస్తాం. రోజూ వచ్చిన విలువని చార్టు మీద చుక్కగా పెడతాం. చార్టు మధ్యలో సగటు గీత ఉంటుంది. చుక్కలు ఆ గీతకి పైనా కిందా చెదురుగా, హద్దులో పడుతుంటే మెషీన్ బాగున్నట్టే. ప్రతి కొలతలోనూ ఆ మాత్రం ఊగిసలాట ఉంటుంది. అదే వరుసగా పది చుక్కలు గీతకి ఒకే పక్కన పడ్డాయనుకోండి. ఒక్కో చుక్కా హద్దులోనే ఉన్నా సరే, మేం ఆగి చూస్తాం. పరీక్షకి వాడే రసాయనం, అంటే రీఏజెంట్, పాడై ఉండొచ్చు, మెషీన్ కాలిబ్రేషన్ పక్కకి జరిగి ఉండొచ్చు, ల్యాంపు నీరసించి ఉండొచ్చు. ఏదో ఒకటి మెషీన్ని మొత్తంగా ఒక పక్కకి నెడుతోందన్నమాట.

చెదురుగా పడే తప్పు వేరు, ఒక పక్కకి జరిగిపోయిన తప్పు వేరు. మొదటిదాన్ని మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీస్తే నిజానికి దగ్గరవుతాం. రెండోదాన్ని వందసార్లు కొలిస్తే వందసార్లూ అదే తప్పు వస్తుంది, వందసార్లు వచ్చింది కదా అని దాని మీద నమ్మకం కూడా పెరుగుతుంది. కొత్తగా చేరిన టెక్నీషియన్లు కంట్రోల్ హద్దు దాటగానే కారణం చూడకుండా మళ్లీ రన్ కొడతారు. మేం మొదట మాన్పించే అలవాటు అదే. ఆ రోజుల్లో తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఆ అలవాటు మాన్పించేది నేనే, ఐదున్నరకి ఘాట్‌లో మళ్లీ రన్ కొట్టేదీ నేనే. ఆట అనగానే, చదువు అనగానే మన బుర్ర వేరే రూలు పట్టుకుంటుంది: రాలేదంటే చాలినంత చేయలేదు. ఆ రూలు నాకు ఎక్కడ పట్టుకుందో కూడా నాకు తెలుసు.

2009లో ఇంటర్ బైపీసీ అయ్యాక ఎంసెట్ మెడిసిన్‌లో ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కి విజయవాడ పంపించారు. ఆ ఏడాదీ రాలేదు, ఇంకో లాంగ్ టర్మ్. రెండేళ్లు. హాస్టల్ ఊరి శివార్లలో ఉండేది. తెల్లవారి ఐదింటికి విజిల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. మెస్ గోడ మీద పెద్ద నీలం అక్షరాలతో కష్టే ఫలి అని రాసి ఉండేది. తిండి తినే ప్రతిసారీ అది చదివేవాణ్ణి.

ఎంసెట్‌కి 160 ప్రశ్నలు. బోటనీ, జువాలజీ కలిపి 80, కెమిస్ట్రీ 40, ఫిజిక్స్ 40. నాకు మిగతా మూడూ బాగానే వచ్చేవి. వారం వారం టెస్టులో ఫిజిక్స్ దగ్గరే ఆగిపోయేవాణ్ణి. 21. 22. 20. 22. మళ్లీ 21. రెండేళ్లలో ఆ అంకె పెద్దగా కదలలేదు. ప్రతి వారం మార్కుల లిస్టు అంటించాక సార్ పిలిచి, "ఇంకా కష్టపడాలి" అనేవారు. నేను ఇంకా కష్టపడేవాణ్ణి. రాత్రి లైట్లు తీసేశాక బాత్‌రూమ్ దగ్గర బల్బు కింద కూర్చుని లెక్కలు చేసేవాణ్ణి. మా పక్క మంచం నూజివీడు కుర్రాడు ఒక రాత్రి ట్రంకు పెట్టె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు స్టడీ అవర్లో అతనికి పట్టుదల లేదని మాకు చెప్పారు. మేం నమ్మాం. నేనైతే పూర్తిగా నమ్మాను.

ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ గదిలో ఫోన్ ఇచ్చేవారు. నాన్న ఒక్కటే అడిగేవాడు.

"కష్టపడతన్నావా అయ్యా?"

"పడతన్నా నాన్నా."

అందులో అబద్ధం లేదు. అందుకే ర్యాంకు రానప్పుడు నా దగ్గర ఒక్క అర్థమే మిగిలింది. నేను ఇంత కష్టపడ్డా రాలేదంటే నాలోనే ఏదో తక్కువ. ఆ ఆలోచనతో చాలా ఏళ్లు బతికాను. బీఎస్సీ ఎంఎల్‌టీలో మంచి మార్కులు వచ్చినా అది పోలేదు.

2019లో ఇల్లు మారుతుంటే అమ్మ దాచిన పాత రఫ్ నోటుపుస్తకాలు బయటపడ్డాయి. సర్దడం ఆపి నేల మీద కూర్చుని చూశాను. పేజీలకి పేజీలు ఫిజిక్స్ లెక్కలు. ఎక్కడా ఒక్క బొమ్మ లేదు. వాలుతలం మీద దిమ్మె ఉంటే దాని మీద ఏ బలం ఎటు పనిచేస్తోందో గీసి బాణాలు పెట్టాలి కదా, నేను అది ఎప్పుడూ గీయలేదు. చదివీ చదవగానే సూత్రం రాసేసి అంకెలు వేసేవాణ్ణి. తప్పైనవన్నీ ఒక పక్కన పెట్టి చూస్తే దాదాపు ప్రతిదీ దిశ తెలియాల్సిన లెక్కే. ఘర్షణ, టార్క్, లెన్సుల్లో ప్లస్సూ మైనస్సూ. దిశ అక్కర్లేని ఉష్ణం లెక్కలు దాదాపు అన్నీ రైటు. నాకు ఫిజిక్స్ వచ్చు. బొమ్మ గీసే అలవాటు లేదు, అంతే. ఎవరైనా ఒక్క గంట నా పక్కన కూర్చుని ఆ తప్పుల్ని ఒకచోట పెట్టి చూసుంటే కనిపించేది. తొంభై మంది ఉన్న సెక్షన్లో ఏ సార్‌కీ ఆ గంట లేదు. వాళ్లని నిందించాలని నాకు లేదు. కానీ ఆ గంట బదులు "ఇంకా కష్టపడు" అనే మాట దొరికింది. అది చెప్పడానికి ఐదు సెకన్లు చాలు.

మళ్లీ ఘాట్‌కి వస్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అదే ఎక్కువ. ఘాట్లు నీళ్లలోకి పోయాయి. మా గుంపులో ఇద్దరి ఇళ్లు సింగ్ నగర్లోనే. ఆ నెల మాకెవరికీ బోర్డు ధ్యాస లేదు. నీళ్లు తీశాక గచ్చంతా ఒండ్రు. దసరా జనం వెళ్లిపోయాక పరకలు, బకెట్లు పట్టుకుని మాకు కావాల్సినంత మేర కడుక్కున్నాం. ఒండ్రులో సన్న ఇసుక ఉంటుంది, అది బేరింగుల్లోకి పోతే చక్రం గరగరలాడి ఆగిపోతుంది. అందుకే రెండుసార్లు కడిగాం.

ఆరేడు వారాల తర్వాత మళ్లీ బోర్డు ఎక్కాను. అడుగు దూరంలో అదే పడటం. కృష్ణలంక కుర్రాడు ఒకడు, ఇంటర్ రెండో ఏడు, మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు. అతనికి అప్పటికి ట్రే ఫ్లిప్ రాదు, కిక్‌ఫ్లిప్ కూడా అప్పుడప్పుడే. అది ముఖ్యం, అందుకే చెబుతున్నాను.

"అన్నా, నువ్వు ఎగరకముందే ఎనక్కి కూర్చుంటన్నావ్. మడమల మీద."

లేదన్నాను. ఇంకోసారి వేశాను. "ఇప్పుడు కూడా," అన్నాడు. అతని ఫోన్లో తీసిన వీడియో ఆపి ఆపి చూపించాడు. నేను వంగేటప్పుడు బరువు మడమల మీదికి పోతోంది, భుజాలు బోర్డుతో పాటు ఉండకుండా తెరుచుకుంటున్నాయి. ఎగిరితే నేను వెనక్కి పోతున్నాను. బోర్డు ఎక్కడ లేచిందో అక్కడే దిగుతోంది. అది నాకు ముందుకి పోయినట్టు అనిపించిందే తప్ప, దూరం జరుగుతున్నది నేనే.

మర్నాడు సుద్దముక్క పట్టుకెళ్లాను. ల్యాబ్ చార్టు గుర్తొచ్చింది కాబట్టి పట్టుకెళ్లాను, ఇంత ఆలస్యంగా. గచ్చు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత దగ్గర ఎగిరి, బోర్డు నాకు ఎటు దిగిందో ప్రతిసారీ చుక్క పెట్టించాను. నలభై సార్లు. ముప్ఫై నాలుగు చుక్కలు నాకు ముందు, నాలుగు కాళ్ల కింద, రెండు వెనక. గీతకి ఒకే పక్కన ముప్ఫై నాలుగు. ఏ ఎనలైజర్ ఇలా చూపించినా ఆ పొద్దు ఒక్క రిపోర్టు కూడా బయటికి పంపం.

మడమల మీదికి ఎందుకు పోతున్నానో కూడా ఆ చుక్కల దగ్గర కూర్చుంటేనే తెలిసింది. మార్చి మొదటి వారంలో బోర్డు నిలువుగా లేచి అంచుతో కాలి ముందెముకని కొట్టింది. మూడు కుట్లు పడ్డాయి. పది రోజులు మానేసి వచ్చాను. ఆ దెబ్బకి ముందు నా తప్పులు చెదురుగా ఉండేవి, దాని తర్వాత అన్నీ ఒకవైపే. నా ఒళ్లు బోర్డు నుంచి తప్పుకోవడం నేర్చుకుంది, నాకు చెప్పకుండా. నేను రోజుకి వందసార్లు సాధన చేసింది ట్రే ఫ్లిప్‌ని కాదు, తప్పుకోవడాన్ని. ఆరు నెలల పట్టుదలతో దాన్ని బాగా పక్కా చేసుకున్నాను.

అప్పుడు చాలామంది ఇచ్చే సలహా "ధైర్యం చెయ్యి" అని. ఇది కూడా "కష్టపడు"కి తోబుట్టువే. నేను ఫుట్‌బాల్ ఆడేవాళ్లు వేసుకునే షిన్ గార్డులు కొన్నాను. ధైర్యంతో పని లేకుండా పోయింది. దెబ్బ తగలదని కాలికి తెలిసిన నాలుగో రోజు నుంచి ఒళ్లు వెనక్కి పోవడం తగ్గింది. రాడ్నీ ములెన్‌కి 1977 జనవరి 1న వాళ్ల నాన్న బోర్డు కొనుక్కోవడానికి ఒప్పుకున్నప్పుడు పెట్టిన షరతులు ఏంటో తెలుసా? ఎప్పుడూ ప్యాడ్లు వేసుకోవాలి, పెద్ద దెబ్బ తగిలితే ఆట మానేయాలి. పదేళ్ల పిల్లాడు ఆ షరతుల మీద మొదలుపెట్టి, ఈ ఆటలో ఇప్పుడు అందరూ చేసే ట్రిక్కుల్లో చాలావాటిని కనిపెట్టాడు. అతను గంటల తరబడి ఒక్కడే సాధన చేసినవాడు, పట్టుదల విషయంలో అతనికి సాటి చెప్పడం కష్టం. అయితే ఆ పట్టుదల కాళ్లకి ప్యాడ్లు కట్టుకునే బయల్దేరింది.

కార్తీకం మొదలైంది, ఘాట్ వదిలేశాం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య ఉన్న ఖాళీలో ఆ నెల గడిచింది. మొదటి వారం బోర్డు లేకుండా, బరువు వేళ్ల మొదళ్ల మీద ఉంచి వంగడం, లేవడం. తర్వాత దొర్లించకుండా చుట్టూ తిప్పడం ఒక్కటే. తర్వాత ట్రిక్ పూర్తిగా వేసి ముందు కాలు ఒక్కటే పెట్టడం. రోజుకి ఇరవై దాటనివ్వలేదు, ఎందుకంటే అలిసిపోతే ఒళ్లు పాత దారికే పోతుంది. వాచ్‌మన్ భార్య ఆ టకటకల గురించి ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఆమెకి నేను రుణపడి ఉన్నాను.

2025 జనవరి 5, ఆదివారం. సంక్రాంతికి ఇంకా వారం పైనే ఉంది. నది మీద పొగమంచు, బ్యారేజీ సగం కనిపించడం లేదు. పదకొండోసారో పన్నెండోసారో వేశాను. ఎప్పుడూ రెండు చప్పుళ్లు వినిపించేవి, ముందు బోర్డుది, తర్వాత నాది. ఆ పొద్దు ఒక్కటే చప్పుడు వినిపించింది. కిందికి చూస్తే కాళ్లు బోర్డు మీద ఉన్నాయి, బోర్డు ముందుకి పోతోంది. కుర్రాళ్లు బోర్డుల టెయిల్స్‌ని గచ్చుకేసి కొట్టారు, మా ఆటలో చప్పట్లు అవే. వాకింగ్ చేస్తున్న ఒక పెద్దాయన ఆగి ఏమైందని అడిగారు. నాకు మాట రాలేదు. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడ్చింది ట్రిక్ గురించి మాత్రమే కాదు, ఆ నీలం అక్షరాల గోడ గురించి కూడా.

ఈ వాదన ఇప్పటికే కొందరికి చెప్పాను, రెండు అభ్యంతరాలు వచ్చాయి. పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్ ఫైనల్ వీడియో చాలామంది నాకు పంపించారు. జపాన్ ఆటగాడు యూటో హొరిగోమె ట్రిక్కుల రౌండులో మొదటిది దించి, వరుసగా మూడు తప్పి, ఆఖరి ఐదోదానికి 97.08 తెచ్చుకున్నాడు. మొత్తం 281.14. రెండో స్థానంలో ఉన్న జాగర్ ఈటన్‌కి 281.04. పదో వంతు తేడాతో బంగారం, టోక్యో తర్వాత వరుసగా రెండోది. చూశావా పట్టుదల అంటే అది, అన్నారు. నేను ఆ వీడియోని చాలాసార్లు చూశాను. ఆ మూడూ తప్పినవాడికి ఆ ట్రిక్ రాదా? వచ్చు. తెలిసిన దారిలో అటూ ఇటూ చెదిరిన చుక్కలు అవి. అలాంటప్పుడు మళ్లీ వేయడమే మందు, అక్కడ పట్టుదలకి నేను దణ్ణం పెడతాను. నా ముప్ఫై నాలుగు చుక్కలకి ఆ మందు విషమైంది. ఏ తప్పు ఎలాంటిదో చూడకుండా ఇద్దరికీ ఒకే మాట చెప్పడం మీదే నా అభ్యంతరమంతా.

రెండో అభ్యంతరం మా పెదనాన్నది. కారణాలు వెతుక్కోవడం నేర్పితే పిల్లలు సాకులు వెతుక్కుంటారన్నాడు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, అలాంటి పిల్లల్ని చూశాను. కానీ సాకు చెప్పేవాడిని సుద్దముక్కతో నలభై చుక్కలు పెట్టమనండి, పెట్టడు. తన తప్పుల్ని ఒకచోట పోగేసి వాటి ముందు కూర్చోవడం మెస్ గోడ కింద కూర్చోవడం కన్నా కష్టమైన పని. నేనైతే ఎనిమిదేళ్లు నోటుపుస్తకాలు తెరవలేకపోయాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నతో ఇదంతా మాట్లాడాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వరి కోశాక మినుము వేస్తాం. చేను గట్టు మీద నిలబడి ఉన్నాం. ఒక మూల నాలుగైదు మొక్కల ఆకులు పసుపుపచ్చగా మారి ఉన్నాయి, పల్లాకు తెగులు. నాన్న మాట్లాడుతూనే వంగి ఆకు తిరగేసి అడుగున తెల్లదోమ ఉందేమో చూశాడు. పచ్చబడ్డ మొక్కల్ని పీకి గట్టు అవతల పారేశాడు. నేను అడిగాను, ఆకు పచ్చబడితే ఇంకో తడి పెట్టొచ్చుగా, ఇంకాస్త ఎరువు వేయొచ్చుగా అని. నాకేమైనా పిచ్చా అన్నట్టు చూశాడు. "తెగులేంటో చూడకుండా నీళ్లు పెడితే ఏమొస్తదిరా?"

కాసేపాగి తనే అన్నాడు. "నిన్ను చూసే తీరిక అప్పుడు నాకు లేదు. సదువు సంగతి నాకు తెలవదు గదా. కష్టపడతన్నావా అని అడగటం ఒక్కటే తెలుసు."

నాన్నకి తెలియకపోవడం సహజం. తెలిసినవాళ్లు, నేర్పడమే పనిగా పెట్టుకున్నవాళ్లు, ఫీజు తీసుకున్నవాళ్లు కూడా అదొక్కటే అడగడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మార్కుల లిస్టు గోడకి అంటించడం కాదు కావాల్సింది. ఏ పిల్లాడి తప్పులు చెదురుగా ఉన్నాయి, ఎవరివి ఒకే పక్కకి ఉన్నాయి అన్నది నెలకోసారైనా ఎవరో ఒకరు చూడాలి. చూసేవాడికి ట్రే ఫ్లిప్ వచ్చి ఉండక్కర్లేదు, కృష్ణలంక కుర్రాడికి రాదు. పక్కన కూర్చుని చూసే ఓపిక ఉంటే చాలు. తల్లిదండ్రులు కూడా ఫోన్లో "కష్టపడుతున్నావా" బదులు "ఎక్కడ తప్పుతోంది?" అని అడగొచ్చు. జవాబు అర్థం కాకపోయినా పరవాలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే పిల్లాడు ఒకసారి తన పేపరు వంక చూసుకోవాలి.

ఆ కుర్రాడు ఎంపీసీ, ఈ ఏడాది ఈఏపీసెట్ రాస్తున్నాడు. పోయిన ఆదివారం బోర్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో గ్రాండ్ టెస్టు పేపరు కూడా తెచ్చాడు. లెక్కలు ఎనభైలో ముప్ఫై ఒకటి తప్పు. "ఇంట్లో తిడతన్నారన్నా, సరిగ్గా చదవట్లేదని," అన్నాడు. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ప్రశ్న చదివి, అతను ఏం చేశాడో అడిగి, ఏ రకం తప్పో మెట్టు మీద సుద్దతో గడిలో చుక్క పెట్టుకుంటూ వచ్చాం. ఎండ గచ్చు మీదికి వచ్చేలోపు పదమూడు అయ్యాయి. అందులో తొమ్మిది ఒకే గడిలో ఉన్నాయి. గడుల్ని ఫోన్లో ఫోటో తీసుకుని, మెట్టు మీద ఒక చెంబుడు నీళ్లు పోసి తుడిచేశాడు. మిగతా పద్దెనిమిది వచ్చే ఆదివారం చూడాలి.